లోపలి పూత పోయేదాకా

ఇక్కడ టెక్సస్‌లో పాత 55 గ్యాలన్ల స్టీలు డ్రమ్ముతో స్మోకర్, అంటే పొగ వేడి మీద మాంసం నెమ్మదిగా వండే పొయ్యి, చేసుకునేవాళ్ళు చాలామందే. నేనూ మొదలుపెట్టాను. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆ డ్రమ్ములో ఇదివరకు ఏం పోశారన్నది. పురుగుమందులో, రసాయనాలో అయితే ఎంత కడిగినా వద్దే వద్దు. నాది తేనె డ్రమ్ము. కానీ లోపల ఎర్రటి ఎపాక్సీ (ప్లాస్టిక్ లాంటి గట్టి రెసిన్) పూత ఉంది. అది ఉండగా అందులో తిండి వండకూడదు.

మూత తీసేసి, అడుగున గాలికి రంధ్రాలు వేశాను. మూసి ఉన్న డ్రమ్మును వేడి చేస్తే పేలిపోతుంది, దయచేసి ఇక్కడ తొందరపడకండి. తర్వాత ఎండు కట్టెలు నింపి పెద్ద మంట పెట్టాను. అబ్బ, ఆ పొగ ఘాటు! పిల్లల్ని బయటికి రానివ్వలేదు, నేను గాలి వచ్చే వైపే నిలబడ్డాను. చల్లారాక వైర్ బ్రష్‌తో గీకితే పూత పొడిపొడిగా రాలింది. మొండిగా అతుక్కున్న చోట మళ్ళీ మంట, మళ్ళీ గీకుడు. చివరికి ఉత్త ఉక్కు బయటపడితే ఎంత సంతోషమేసిందో!

కడిగి, ఆరబెట్టి, ఇనప పెనానికి పట్టించినట్టే లోపలంతా వంటనూనె పట్టించి, బొగ్గుల వేడి మీద కొన్ని గంటలు ఉంచాను. మాంసం పెట్టే జాలీ మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలుదే కొన్నాను. జింకు పూత ఉన్నది బాగా వేడెక్కితే హానికరమైన పొగ వస్తుంది.