మూడు మీటలూ ఆరుసార్లు

నిన్న రాత్రి పాత 386 కంప్యూటర్ బయటికి తీశాను. దాని ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ బానే లేచింది, సౌండ్ కార్డు మాత్రం నోరు విప్పలేదు. మెషీన్ మళ్లీ మొదలవ్వాలని కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కాను. ఒకసారి కాదు, ఆరుసార్లు. ఊహూఁ.

విసుగొచ్చి పవర్ ఆపేసి, పది లెక్కపెట్టి మళ్లీ వేశాను. తెర మీద మెమరీ అంకెలు టకటకా పెరిగాయి, ఫ్లాపీ డ్రైవ్ ఒకసారి గరగరమంది, కార్డు పలికింది!

అప్పుడు గుర్తొచ్చింది. 1981 నాటి ఐబీఎం పీసీలోనే ఉంది ఈ కిటుకు. ఆ మూడు మీటలు నొక్కగానే మెమరీలో ఓ చోట హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) 1234 అని రాసిపెట్టి, బయోస్ (మెషీన్ లేవగానే ముందుగా నడిచే ప్రోగ్రాం) మళ్లీ మొదటికి వెళ్తుంది. ఆ అంకె కనబడితే 'ఇందాకటిదాకా నడుస్తున్నదేగా' అన్నట్టు మెమరీ పరీక్ష వదిలేస్తుంది. అదే కరెంటు తీసి వేస్తే ఆ గుర్తు ఉండదు, పరీక్ష మొత్తం జరగాల్సిందే.

అసలు తిరకాసు వేరే. చాలా పాత మెషీన్లలో ఈ మూడు మీటల దారిలో స్లాట్లలోని కార్డులకు రీసెట్ సిగ్నల్ అందదు. ప్రాసెసర్ కొత్తగా మొదలవుతుంది, కార్డు మీద పనిచేయకుండా ఇరుక్కున్న చిప్ ఇరుక్కునే ఉంటుంది.

ఇదంతా నాకు ముందే తెలుసు. అయినా ఆరోసారి ఎందుకు నొక్కానో!