ఎకరాకి ఎంతిస్తామన్నారంట?

బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్ తప్పించుకోడానికి ఆఫ్రికా దాకా పోవాల్నా అని జేజి తిట్టింది గానీ, బావ విండ్‌హోక్‌లో ఉన్నాడు కదా అని లీవు పెట్టేసి నమీబియా వెళ్ళిపోయా. అక్కడ ఒపువో అనే ఊళ్ళో సూపర్‌మార్కెట్‌లో వెన్నా ఎర్రరాయి పొడీ కలిపి ఒంటినిండా పూసుకున్న హింబా తెగ ఆడవాళ్ళు బిల్లింగ్ లైన్లో మన ముందే నిలబడి ఉంటారు. అక్కణ్ణుంచి ఎపుపా జలపాతానికి దాదాపు 180 కిలోమీటర్లు, అంతా కంకర రోడ్డే, టైరు పంక్చరై రెండు గంటలు ఎండలో మాడాం, సరే అది వదిలేయండి.

కునేనే నదికి అవతల అంగోలా, మధ్యలో రాళ్ళ మీద బావోబాబ్ చెట్లు, కింద నురగ. 1990లలో ఇక్కడే డ్యామ్ కడతామన్నారు. హింబాలు పశువుల మీద బతికేవాళ్ళు, కరువొస్తే ఈ నది ఒడ్డు మేతే దిక్కు, పైగా పెద్దల సమాధులన్నీ ఇక్కడే, ఎవరి పెద్దలు ఎక్కడున్నారో దాన్ని బట్టే ఆ నేల ఎవరిదో తేలుతుంది. వాళ్ళ పెద్ద హికుమినువే కపికా గట్టిగా అడ్డం తిరిగాడు, ఆ డ్యామ్ రాలేదు. తర్వాత దిగువన బేన్స్ కొండల దగ్గర ఇంకోటి అన్నారు, 2012లో హింబాలు మళ్ళీ రోడ్డెక్కారు.

గైడ్ ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. పెద్ద గుడిసెకీ పశువుల దొడ్డికీ మధ్య చిన్న నిప్పు, నేను ఫోన్ చూసుకుంటూ ఆ మధ్యలోంచి నడవబోతుంటే చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. అది పెద్దల నిప్పట, బయటివాళ్ళు అడ్డంగా దాటకూడదు. సిగ్గేసింది. ఒకామె సొరబుర్ర ఊపుతూ పాలు చిలుకుతోంది, ఇచ్చింది తాగా, అచ్చం మన పుల్లమజ్జిగ.

బెంగళూరొచ్చాక ఫొటోలు జేజికి చూపించా. ఆమె ఊరు శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో పోయింది, 1981లో. సమాధుల ఫొటో దగ్గర కళ్ళద్దాలు సర్దుకుని చానాసేపు చూసింది.

"ఎకరాకి ఎంతిస్తామన్నారంట రా వాళ్ళకి?"

"అక్కడ ఎకరాల లెక్క లేదు జేజీ, గడ్డెక్కడుంటే అక్కడికి తోలుకుపోతారు."

"అంటే పట్టా లేదు" అని ఫోన్ నా చేతిలో పెట్టేసి చిక్కుడుకాయలు వలుచుకోడానికి లేచిపోయింది.