అంబాసిడర్ పెట్రోలు మీటరు బాగుచేసుకోవడం: నా అనుభవం

పెట్రోలు మీటరు తప్పు చూపిస్తోందంటే ఒడిశాలో మా రాయగడ, గుణుపురం వైపు షెడ్డుల్లో ముందుగా వినిపించే మాట ఒకటే: "మీటరు పోనాది బాబూ, మార్చీడమే." కానీ డ్యాష్‌బోర్డులోని మీటరు పాడవడం అరుదు. తప్పు ఎక్కువగా ట్యాంకు యూనిట్ (పెట్రోలు మీద తేలే ఫ్లోటు లేచి దిగేకొద్దీ మీటరుకు పోయే కరెంటును మార్చే భాగం) దగ్గరో, ఎర్త్ (బండి బాడీ ద్వారా కరెంటు తిరిగి వెళ్లే దారి) దగ్గరో, స్టెబిలైజర్ (మీటరుకు వోల్టేజి నిలకడగా ఇచ్చే డబ్బా) దగ్గరో ఉంటుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మంచి మీటరు పీకేస్తే అచ్చం అలాంటిది మళ్లీ దొరకడం కష్టం. అందుకని ఏదీ విప్పకముందే కొలవాలి.

నా బండి లక్షణాలు ఇవి. 54 లీటర్ల ట్యాంకు నిండా పోయించినా ముల్లు ముప్పావు దాటదు. ట్యాంకు ఖాళీకి దగ్గరైనప్పుడు మాత్రం సరిగ్గానే చూపిస్తుంది. సగానికి కాస్త కిందికి రాగానే ఒక్కోసారి సున్నాకి పడిపోయి, కొంతదూరం పోయాక మళ్లీ లేస్తుంది. జబ్బేమిటో ఈ మూడు లక్షణాలే చెబుతాయి, అయితే ముందు మీటరు ఏ జాతిదో తేల్చుకోవాలి.

ఈ బండ్లలో రెండు రకాల మీటర్లు కనిపిస్తాయి. పాతది రెండు కాయిళ్ల మీటరు. తాళం తిప్పగానే ముల్లు టక్కున లేస్తుంది, గతుకుల్లో ఊగుతుంది. దీనికి స్టెబిలైజర్ ఉండదు. రెండోది వేడికి వంగే రెండు లోహాల పట్టీ మీద నడిచే మీటరు. ముల్లు మెల్లగా, అర నిమిషం దాకా తీసుకుని పైకి వస్తుంది. బ్రిటిష్ బండ్లు 1960ల మధ్యకల్లా ఈ రెండో రకానికి మారాయి. మన దగ్గర మాత్రం చేతులు మారిన ప్రతిసారీ దొరికిన మీటరు బిగించేసి ఉంటారు కాబట్టి, బండి ఏ సంవత్సరానిదో చూసి నిర్ణయించకూడదు. ముల్లు లేచే తీరు చూసి నిర్ణయించాలి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, రెండూ ఒకదానికొకటి తలకిందులు. ట్యాంకు యూనిట్ వైరు ఊడదీస్తే పాత మీటరు ఫుల్ చూపిస్తుంది, కొత్త రకం ఖాళీ చూపిస్తుంది. అదే వైరును బాడీకి తాకిస్తే పాతది ఖాళీ, కొత్తది ఫుల్. ఈ తేడా తెలియకుండా టెస్టు చేస్తే బాగున్న మీటరే పోయినట్టు కనిపిస్తుంది. కొత్త రకంలో వైరును బాడీకి ఆనించి అలాగే ఉంచకూడదు, లోపలి హీటర్ తీగ కాలిపోతుంది. ముల్లు ఫుల్ వైపు కదలగానే తీసేయాలి.

నాది రెండో రకం. అందులో ముందు స్టెబిలైజర్ చూశాను. ఇది 12 వోల్టులను ఆపి ఆపి పంపుతూ సగటున 10 వోల్టులు ఇచ్చే చిన్న డబ్బా. టెంపరేచర్ మీటరుకూ కరెంటు ఇచ్చేది ఇదే. రెండు మీటర్లూ కలిసి ఎక్కువ చూపిస్తుంటే తప్పు స్టెబిలైజర్‌దే. చాలాసార్లు దాని బాడీకి ఎర్త్ అందక నేరుగా 12 వోల్టులు పోతుంటాయి. డిజిటల్ మల్టీమీటర్‌తో దీన్ని కొలిస్తే అంకెలు గంతులేస్తాయి. ముల్లు మీటరు గాని, చిన్న టెస్టు బల్బు గాని వాడాలి. బల్బు వెలిగి ఆరుతుంటే స్టెబిలైజర్ పనిచేస్తున్నట్టే. పోయి ఉంటే పాత డబ్బాలోనే 7810 అనే మూడు కాళ్ల ఐసీ అమర్చుకోవచ్చు, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చవకగా దొరుకుతుంది. బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసిన బండికే అది పనికొస్తుంది. నా బండిలో టెంపరేచర్ మీటరు సరిగ్గా ఉంది కాబట్టి స్టెబిలైజర్‌ను ముట్టుకోలేదు. రెండు మీటర్లూ చచ్చిపడి, బ్రేకు లైటు, వైపర్ కూడా పనిచేయకపోతే ఫ్యూజు చూస్తే చాలు.

తర్వాత మీటరును విడిగా పరీక్షించాను. ఒరిజినల్ వైరింగ్ ఉన్న బండిలో ట్యాంకు యూనిట్‌కి పోయేది ఆకుపచ్చ మీద నల్ల గీత ఉన్న వైరు. దాన్ని డిక్కీ వైపు చివర ఊడదీసి, యూనిట్‌కి బదులుగా వైరుకీ బాడీకీ మధ్య విలువ తెలిసిన రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న ముక్క, ఆ అడ్డును ఓముల్లో కొలుస్తారు) పెట్టాలి. ఈ రకానికి 22 ఓములు పెడితే ఫుల్, 68 పెడితే సగం, 270 పెడితే ఖాళీ దరిదాపుల్లో చూపించాలి. మూడూ దుకాణాల్లో మామూలుగా దొరికే విలువలే, 2 వాట్లవి తీసుకుంటే వేడెక్కవు. ఒక్కోదానికీ ఒక నిమిషం ఆగాలి. మూడూ సరిగ్గా వచ్చాయి. అంటే మీటరు, వైరు రెండూ మంచివే, తప్పు ట్యాంకు దగ్గరే.

ఇప్పుడు ఆ ముప్పావు సంగతి. యూనిట్ ఎర్త్‌లో తుప్పు పట్టి 20 ఓములు అదనంగా చేరాయనుకోండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు 20 ఉండాల్సింది 40 అవుతుంది, ముల్లు ముప్పావు దగ్గర ఆగిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు 250కి 20 కలిస్తే తేడా కనబడదు. ఖాళీ సరిగ్గా చూపిస్తూ ఫుల్ చూపించని మీటరుకు కారణం దాదాపు ఎప్పుడూ ఎర్త్ తుప్పే. పాత రకంలో ఇదే తుప్పు ప్రమాదకరం. దానికి ఖాళీ అంటే సున్నా ఓములు, ఫుల్ అంటే 70కి పైన. తుప్పు వల్ల పెట్రోలు లేకపోయినా పావు ట్యాంకు ఉన్నట్టు చూపిస్తుంది. లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లే ఘాట్‌లో ఆ పావును నమ్ముకుంటే నడిరోడ్డు మీద నిలబడాల్సిందే.

మా వైపు వానాకాలంలో తడి, ఎర్రమట్టి బండి అడుగున పట్టి ఆరవు. కాబట్టి ట్యాంకు పట్టీలూ బోల్టులే ఎర్త్ ఇస్తాయని నమ్మడం తప్పు. యూనిట్ అంచు దగ్గర ఒక స్క్రూ కింద లోహం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, రింగ్ టెర్మినల్ పెట్టి, నల్ల వైరును విడిగా బాడీకి బిగించాను. పైన కాస్త గ్రీజు పూశాను. వెంటనే ముల్లు ఫుల్‌కి చేరింది.

సగం దగ్గర పడిపోవడం మాత్రం యూనిట్ లోపలి సంగతి. దాన్ని తీయాలంటే బ్యాటరీ ఊడదీయాలి, బండి ఆరుబయట ఉండాలి, పెట్రోలు సగానికి బాగా కిందికి దించాలి. ఖాళీ ట్యాంకు అని ధీమా వద్దు. నిండిన ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. బీడీ, ఫోను, వేలాడే బల్బు ఏవీ దగ్గర ఉండకూడదు. లాక్ రింగ్ (యూనిట్‌ను ట్యాంకుకు బిగించి ఉంచే రింగు) ఉన్న యూనిట్ అయితే ఇనప ఉలి పనికిరాదు, ఇత్తడి ముక్కతోనో కర్రతోనో తట్టాలి.

యూనిట్ బయటకు తీశాక ఫ్లోటు కడ్డీని మెల్లగా పైనుంచి కిందికి కదుపుతూ ఓములు చూశాను. దీనికి ముల్లు మల్టీమీటరే మేలు. రీడింగు జారుతూ పోవాలి, ఎక్కడా తెగకూడదు. నాదాంట్లో సగం కింద ఒకచోట తెగిపోతోంది. చుట్టిన తీగ బాగానే ఉంది, దాని మీద గట్టి జిగురు పొర కట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిచి, తీగ మీద రాసుకునే చిన్న ఇత్తడి నాలుకను కాస్త వంచి ఒత్తిడి పెంచాను. అక్కడ ఎమరీ పేపరు వాడకూడదు, ఆ తీగ వెంట్రుకంత సన్నం.

ఫ్లోటును కూడా చూడాలి. ఊపితే లోపల గలగలమంటే పెట్రోలు చేరినట్టే. మంట దూరంగా పెట్టి కాచి తెచ్చిన వేణ్నీళ్లలో ముంచితే రంధ్రం ఉన్నచోట బుడగలు వస్తాయి. పెట్రోలు మిగిలిన ఫ్లోటుకు టంకం పెట్టవద్దు, పేలుతుంది. ఇంకా పాత బెండు ఫ్లోటు అయితే మార్చేయడమే నయం. దాని మీద లక్క పూత ఆల్కహాలులో కరుగుతుంది, ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20 పెట్రోలులో 20 శాతం దాకా ఆల్కహాలే.

కొత్త యూనిట్ కొనాల్సి వస్తే విశాఖలో కొన్నా, కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి తెప్పించినా, డబ్బు ఇచ్చేముందు రెండు చివరలా ఓములు కొలిపించండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా కొలత వేరుగా ఉన్నవి చాలా అమ్ముతారు. మీటరు రకానికి కలవని యూనిట్ ఎంత కొత్తదైనా దండగే.

తిరిగి బిగించేటప్పుడు ఇ20కి తట్టుకునే కొత్త గాస్కెట్ వేశాను. మామూలు సిలికాన్ పెట్రోలులో ఉబ్బి ఊడిపోతుంది. తర్వాత కొలత సరిచూడాలి. ట్యాంకు పూర్తిగా దించి 5 లీటర్లు పోసి, ముల్లు ఖాళీ గీతకు కాస్త పైన నిలిచేలా ఫ్లోటు కడ్డీని రెండు పట్టకార్లతో వంచాను. ఫుల్ దగ్గర కాస్త తేడా ఉన్నా పరవాలేదు, ఖాళీ దగ్గర ఉండకూడదు. ఆ పైన బంకులో 10 లీటర్ల చొప్పున పోయించి, ప్రతిసారీ బండిని పంపు దగ్గర్నుంచి పక్కకు నెట్టి, తాళం తిప్పి నిమిషం ఆగి ముల్లు ఎక్కడుందో రాసుకున్నాను. ఆఖరున ట్యాంకు నిండా పోయించి, రాత్రంతా ఉంచి, గాస్కెట్ చుట్టూ తడి ఉందేమో పొద్దున వేలితో రాసి చూడాలి. సగం ట్యాంకుతో చూస్తే ఆ కారుడు బయటపడదు.