తెల్ల దిష్‌దాషా మీద నల్ల చార

కువైట్‌లో ఇంటి డ్రైవరంటే బండి నడిపితే చాలనుకునే రాయచోటి నుంచి వచ్చాను. వచ్చిన మర్నాడే తెలిసింది, తుడవడం అంతకన్నా పెద్ద పని అని. మా బాబా ఇంట్లో మూడు బండ్లు. ఇంటి ముందు రేకుల షెడ్డు రెండింటికే సరిపోతుంది. మూడోది, పిల్లల్ని బడికి దించే పాత పెద్ద బండి, ఏడాదంతా ఎండలోనే. బాబా అంటే యజమాని, మామా అంటే ఆయన భార్య. "ఈరోజు మామా తిట్టింది" అని ఫోన్‌లో చెబితే మా ఇంట్లో ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు.

ఇక్కడి ఎండ సంగతి చెప్పాలంటే, 2016 జూలైలో మిత్రిబా అనేచోట 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట సైట్లలో పని చేయించకూడదని రూలు. ఆ టైములో మనుషులు నీడకి పోతారు, బండి మాత్రం అక్కడే మాడుతూ ఉంటుంది. పెయింటుకి పెద్దగా ఏమీ కాలేదు గానీ, పడమటి వైపు తలుపుల బీడింగ్, అంటే తలుపు అంచున ఉండే రబ్బరు, బూడిద పూసినట్టు తెల్లబడింది. వేలితో రాస్తే నల్లటి పొడి అంటుకునేది. అద్దం కింద రబ్బరు పట్టీ మీద సన్నటి గీతలు, మా చెరువు మే నెలలో నెర్రెలిచ్చినట్టు.

మా వైపు లారీవాళ్లు డీజిల్లో గుడ్డ ముంచి రబ్బర్లు తుడవడం చిన్నప్పటి నుంచి చూశాను. నేనూ అదే చేశాను. పైన కాస్త పెట్రోలియం జెల్లీ కూడా పట్టించాను. నిమిషంలో కాటుకలా నల్లగా మెరిసింది. మామా చూసి "జైన్, జైన్" అంది, బాగుందని. ఆ వారమంతా నాకు నేనే మెకానిక్‌లా కనిపించాను.

నెల తిరిగేసరికి తలుపు సరిగా పడటం మానేసింది, గట్టిగా వేస్తేగాని పట్టదు. బీడింగ్ మెత్తబడి, ఉబ్బి, గాడిలోంచి బయటికి తన్నుకొచ్చింది. మధ్యలో ఒక దుమ్ము తుఫాను వచ్చి, ఆ జిడ్డు మీద ఇసుకంతా అతుక్కుని గరుకు కాగితంలా తయారైంది. ఇదంతా ఒక ఎత్తు. ఒక సాయంత్రం బాబా దివానియాకి, అంటే మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే చోటికి, బయల్దేరి, షెడ్డులో బండికి అడ్డుందని దీన్నే ఎక్కాడు. దిగేటప్పుడు చూస్తే ఇస్త్రీ చేసిన తెల్ల దిష్‌దాషా మీద, అదే ఇక్కడి మగవాళ్లు వేసుకునే పొడవాటి అంగీ, మోకాలి దగ్గర జానెడు నల్ల చార. "షినూ హాదా?" (ఏంటిది?) అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. రాత్రంతా టెన్షన్, జీతంలో కోస్తారేమోనని.

కొయ్యలేదు. మర్నాడు బండి షువేఖ్‌లో గ్యారేజీకి తీసుకెళ్లమన్నాడు. అక్కడ పనిచేసే పెద్దాయనది తూర్పుగోదావరి. బీడింగ్‌ని రెండు వేళ్లతో నొక్కి, వాసన చూసి, "డీజిలు గానీ రాశారేంటండీ?" అన్నాడు. తలూపాను. "తలుపుల రబ్బరు చాలా బండ్లకి ఈపీడీఎం అనే రకమండీ. ఎండకీ వానకీ బాగానే నిలబడుద్ది. దానికి పడనిది ఈ పెట్రోలు, డీజిలు, మామూలు గ్రీజు జాతి. తాగేసి ఉబ్బిపోద్ది." ఉబ్బినదాన్నీ, నెర్రెలు పడిన పట్టీనీ పీకి కొత్తవి వేశాడు. చీలిన రబ్బరు ఏం పూసినా అతుక్కోదట, పైన మెరుపు వస్తుందంతే.

మిగతా తలుపులకి ఏం చేయాలో ఆయనే చూపించాడు. కార్ షాంపూ నీళ్లు, పాత టూత్‌బ్రష్. గాడిలో ఇసుక మొత్తం పోవాలి. తడిగుడ్డకి నలుపు అంటడం తగ్గేదాకా తుడవాలి. పూర్తిగా ఆరాక, పాత జిడ్డు మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి కొద్దిగా తీసుకుని ఒక్కసారి తుడవాలి. తలుపు లోపలి బీడింగ్‌కి సిలికాన్ గ్రీజు, వేలికి ఉందో లేదో అన్నంత. బయట పట్టీలకి నీటి ఆధారంగా చేసిన, ఎండనుంచి కాపాడే ద్రావణం స్పాంజితో పల్చగా రాసి, కాసేపాగి మిగులు తుడిచెయ్యాలి. ఆ తుడవడమే అసలు పని. తడిగా మెరుస్తూ వదిలేస్తే దుమ్ముకి పరుపు వేసినట్టే.

వేడి రబ్బరు మీద రాస్తే మచ్చలు మచ్చలుగా ఆరుతుంది కాబట్టి తెల్లవారుజామున, ఫజర్ బాంగు అయ్యాక మొదలుపెడతాను. వేసవిలో నెలకోసారి. పక్క విల్లా కుర్రాడు తెల్లబడిన ప్లాస్టిక్ బంపర్ మీద హీట్ గన్ పెట్టి నల్లగా మారుస్తుంటాడు. కొన్నాళ్లకి మళ్లీ తెల్లబడుతుంది. అది రబ్బరు మీద పెట్టొద్దని మాత్రం చెప్పాను. ఇప్పుడు తలుపు మెత్తగా, ఒక్క శబ్దంతో పడుతుంది. బాబా ఏమీ అనలేదు. కాకపోతే అప్పుడప్పుడూ ఎక్కే ముందు బీడింగ్ మీద వేలు రాసి చూసుకుంటున్నాడు.

మొన్న మా తమ్ముడు బాడుగకి తిప్పడానికి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. వీడియో కాల్‌లో తలుపు తెరిచి చూపించాడు.

"చూడు అన్నా, బీడింగ్ కొత్తదాని మాదిరి లేదూ?"

"ఏం పూసినావురా?"

"డీజిల్లో గుడ్డ ముంచి తుడిచినా, నువ్వు చేసినట్లే."

ఇంట్లో షాంపూ ఉందా అని అడిగాను. మరదలు తలకి పోసుకునేది ఒక ప్యాకెట్టు ఉందన్నాడు. అదే తీసుకురా, ఇప్పుడే కడుగు, ఫోన్ పెట్టెయ్యొద్దు అన్నాను.