మూడు కాళ్లే కదా సార్!

ఇవాళ 7805 రెగ్యులేటర్ (వోల్టేజీని 5 దగ్గర నిలకడగా ఉంచే చిన్న చిప్) కోసం పార్ట్స్ షాపుకి వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు కాసేపు కంప్యూటర్లో వెతికి, ఎల్‌ఎం317 అనే ఇంకో రకం రెగ్యులేటర్ తెచ్చి చేతిలో పెట్టాడు. "రెండూ ఒకటే సార్, మూడు కాళ్లే కదా!"

చూడ్డానికి ఒకటే, నిజమే. కానీ 7805లో మొదటి కాలు ఇన్‌పుట్, మధ్యది గ్రౌండ్, చివరిది అవుట్‌పుట్. 317లో వరసగా అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. పైగా దానికి వోల్టేజీ సెట్ చేయడానికి రెండు రెసిస్టర్లు కావాలి. అలాగే పెట్టేసి ఉంటే బోర్డు సంగతి అంతే.

ఇదివరకు అదే కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. ఏది అడిగినా ముందు "ఏం కడుతున్నావ్?" అనేవారు. ఒకసారి 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి 16 వోల్టుల వరకే తట్టుకునే కెపాసిటర్ అడిగితే ఇవ్వనన్నారు. "రెక్టిఫై అయ్యాక, అంటే ఏసీ డీసీగా మారాక, పీక్ 17 దాకా పోతుంది, 25ది తీసుకో" అని కాగితం మీద లెక్క వేసి మరీ చూపించారు. (అప్పుడు కొంచెం విసుగొచ్చింది కూడా.)

కుర్రాడి మీద కోపమేం లేదు. వాడికి నేర్పిందే బార్‌కోడ్ స్కాన్ చేయడం. డేటాషీట్ (ఆ పార్ట్ వివరాలుండే కాగితం) తీసి చూపిస్తే ఆసక్తిగానే చూశాడు. ఈలోపు వెనక క్యూలో ఎవరో ఫోన్ ఛార్జర్ అడిగారు, అటు వెళ్లిపోయాడు.