సుడో పెడితే తెరుచుకుంటుంది, పెట్టకపోతే తెరుచుకోదు

ఐకాన్ మీద నొక్కితే కర్సర్ కాసేపు తిరిగి ఆగిపోతుంది, విండో రాదు. అదే ప్రోగ్రాం టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండో) ముందు సుడో అని తగిలిస్తే, అంటే సిస్టమ్ అధికారి అయిన 'రూట్' యూజర్ హక్కులతో నడిపితే, టక్కున తెరుచుకుంటుంది. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో పాత సిస్టమ్‌కి ఉబుంటు లినక్స్ వేసుకున్న డీటీపీ షాపులో, అదీ సిరిమానోత్సవం ముందు ఫ్లెక్సీల ఒత్తిడిలో, పని జరిగితే చాలని రోజూ సుడోతోనే తెరిచేస్తారు. రోగాన్ని ముదరబెట్టేది ఆ సుడోయే.

ముందు సుడో లేకుండా ప్రోగ్రాం పేరు టెర్మినల్‌లో కొట్టి, వచ్చే ఎర్రర్ చదవండి. (కమాండ్లు పలికినట్టు రాస్తున్నాను. కొట్టేది ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే, పెద్దక్షరం కావలసిన చోట చెబుతాను.) 'పర్మిషన్ డినైడ్' పక్కన ఏ ఫైలు పేరుందో అక్కడే సగం జవాబుంటుంది.

చాలా ప్రోగ్రాంలు తమ సెట్టింగులను మీ హోమ్ ఫోల్డర్‌లోని .కాన్ఫిగ్, .క్యాష్ (సీ-ఏ-సీ-హెచ్-ఈ), .లోకల్ లాంటి ఫోల్డర్లలో రాసుకుంటాయి. రూట్‌గా నడిపినప్పుడు ప్రోగ్రాం మీ హోమ్‌లోనే రాస్తే, ఆ ఫైళ్లకు రూట్ యజమాని అయిపోతాడు. తర్వాత మీరు మామూలుగా తెరిస్తే రాయడానికి హక్కుండదు. లిబ్రేఆఫీస్ అయితే యూజర్ ఇన్‌స్టాలేషన్ పూర్తి కాలేదంటుంది, ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ దొరకలేదంటుంది. ఉబుంటు 19.10కి ముందు వెర్షన్లలో సుడో మీ హోమ్‌నే వాడేది కాబట్టి ఇది మరీ ఎక్కువ. 24.04లో కూడా సుడోకి -ఈ (పెద్దక్షరం) తగిలిస్తే ఇదే తంతు.

రూట్ చేతిలో ఏమున్నాయో ఇలా తెలుస్తుంది (~ అంటే మీ హోమ్):

ఫైండ్ ~ -యూజర్ రూట్

జాబితా వస్తే వాటిని వెనక్కి తెచ్చుకోవాలి (అందులో వేరే ఫోల్డర్ ఉంటే చివర దాని పేరూ చేర్చండి):

సుడో చౌన్ -ఆర్ $యూజర్: ~/.కాన్ఫిగ్ ~/.క్యాష్ ~/.లోకల్

చౌన్ (సీ-హెచ్-ఓ-డబ్ల్యూ-ఎన్) ఫైలు యజమానిని మార్చేది, $యూజర్ అంటే మీ లాగిన్ పేరు. ఇందులో ఆర్, యూజర్ రెండూ పెద్దక్షరాలు. పేరు తర్వాత కోలన్ మరచిపోవద్దు, గ్రూపును కూడా మార్చేది అదే. ఈ కమాండ్‌ను హోమ్ దాటి బయట వాడొద్దు. సిస్టమ్ ప్రోగ్రాంలుండే /యూఎస్ఆర్ మీద కొడితే సుడో ఫైలు యజమాని మారి, దాని సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా రూట్ హక్కులతో నడిచేలా చేసే గుర్తు) పోయి, ఇక సుడోయే పనిచేయదు. చాలామంది చెప్పే సీహెచ్‌మాడ్ 777 (అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయడం) కూడా వద్దు. హోమ్ మొత్తానికి అది పెడితే, మీ ప్రైవేట్ కీ ఫైలు అందరికీ తెరిచి ఉందని ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాం) దాన్ని వాడనంటుంది.

తెలుగు ఫాంట్లదీ ఇదే గొడవ. మండలి, మల్లన్న లాంటి ఫాంట్‌ను /యూఎస్ఆర్/షేర్/ఫాంట్స్‌లోకి సుడోతో కాపీ చేసినప్పుడు అసలు ఫైలు హక్కులు 600గా (యజమాని తప్ప ఎవరూ చదవలేనట్టు) ఉంటే కాపీ కూడా 600గానే దిగుతుంది. రూట్‌కి కనిపిస్తుంది, ఇంక్‌స్కేప్ తెరిచిన మీకు కనిపించదు. అందరూ చదవగలిగేలా ఫైలుకి సీహెచ్‌మాడ్‌తో 644, ఫోల్డర్‌కి 755 ఇచ్చి, ఫాంట్ల జాబితాను మళ్లీ తయారుచేసే ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్ కొట్టి, ప్రోగ్రాం మూసి తెరవండి.

యాప్‌ఇమేజ్‌ను (ఇన్‌స్టాల్ చేయకుండా నడిచే ఒకే ఫైలు ప్రోగ్రాం) పెన్‌డ్రైవ్ నుంచే నడపాలని చూడకండి. పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్లలో ఫైలుకి విడిగా హక్కులుండవు, డ్రైవ్‌ను మౌంట్ చేసేటప్పుడే (సిస్టమ్‌కి కలిపేటప్పుడే) అవి ఖాయమవుతాయి. హోమ్‌లోకి కాపీ చేసి, అక్కడ సీహెచ్‌మాడ్ +ఎక్స్‌తో నడిపే హక్కు ఇవ్వండి. ఉబుంటు 24.04లో అది కూడా అయ్యాక శాండ్‌బాక్స్ (ప్రోగ్రాంను విడిగా కట్టడిలో నడిపే ఏర్పాటు) ఎర్రర్ వస్తే తప్పు ఫైలుది కాదు, ఉబుంటులోని రక్షణ వ్యవస్థ యాప్‌ఆర్మర్‌ది. --నో-శాండ్‌బాక్స్‌తో నడిపించేస్తుంటారు, కానీ బ్రౌజర్ లాంటి వాటికి అది రక్షణ తీసేయడమే. డెబ్ ప్యాకేజీ (ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) దొరికితే అదే వేసుకోవడం మేలు.

కాలేజీ ల్యాబుల్లో ఆర్డుయినో (చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, బోర్డు తగిలించిన పోర్టు దగ్గర ఆగిపోతే, చాలాసార్లు యూజర్ డయల్‌అవుట్ గ్రూపులో (ఆ పోర్టులు వాడే హక్కున్నవారి జాబితా) లేనట్టే:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ డయల్‌అవుట్ $యూజర్

ఇక్కడ జీ, యూజర్ పెద్దక్షరాలు. లాగవుట్ అయి మళ్లీ రండి, ఐడీ అని కొడితే గ్రూపు కనిపించాలి. చిన్న 'ఏ' వదిలేస్తే మిగతా గ్రూపులన్నీ ఊడిపోతాయి, సుడో గ్రూపుతో సహా. అలా అయితే రికవరీ మోడ్‌లో రూట్ షెల్ తెరిచి, డిస్కును రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, అక్కడి నుంచి యూజర్‌ను సుడో గ్రూపులో చేర్చాలి. అక్కడ $యూజర్ అని కొట్టకండి, ఆ షెల్ రూట్‌ది. లాగిన్ పేరే పూర్తిగా కొట్టండి.