వడగళ్ళ పలకల నుంచి రేకుల దాకా: మూడు నెలల లెక్క

జగిత్యాల దగ్గర మా ఊళ్ళో మామిడి పిందె మీద ఉండేదీ, యాసంగి వరి గింజ కట్టేదీ ఒకే కాలంలో. రాళ్ళవానకూ అదే కాలం. 2023 మార్చిలో వికారాబాద్, జహీరాబాద్ వైపు వడగళ్ళతో నేల తెల్లబడిన ఫోటోలు చూసినప్పుడు, మన ఊరికి ఈ ముప్పు ఎంత అని చాలామందిని అడిగాను. "మా చిన్నతనంలో నిమ్మకాయంత పడ్డాయి" అన్న మాట తప్ప లెక్క ఎవరి దగ్గరా లేదు. ఈ ఏడాది ఆ లెక్క నేనే మొదలుపెట్టాను.

ఫిబ్రవరి అంతా పలకలతోనే గడిచింది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న గట్టి ఫోమ్ ముక్కకు వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఆరుబయట ఉంచితే, పడిన ప్రతి వడగల్లూ గుంట మిగులుస్తుంది. అమెరికాలో వాన కొలిచే ఔత్సాహికులు ఏళ్ళుగా వాడుతున్న పద్ధతి ఇది. ప్యాకింగ్‌లో వచ్చే థర్మకోల్ పనికిరాలేదు, పూసలు విడిపోయి గుంట అంచు తెలియదు. ఒక మూల ఉత్తర దిక్కు గుర్తు తప్పక వేయాలి. గాలితో ఏటవాలుగా పడితే గుంట కోలగా సాగుతుంది, రాయి ఎటు నుంచి వచ్చిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

గుంట సైజును వడగల్లు సైజుగా మార్చడానికి లారీ మెకానిక్ దగ్గర పాత బేరింగు గుండ్లు తెచ్చుకున్నాను. ఉక్కు మంచుకన్నా ఎనిమిది తొమ్మిది రెట్లు బరువు కాబట్టి, రెండు సెంటీమీటర్ల గుండును సుమారు రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే చాలు, ఆకాశం నుంచి పడే అదే సైజు వడగల్లు దెబ్బకు దగ్గరగా వస్తుంది. ఆరు పలకలు ఆరు చోట్ల పెట్టాను. మొదటి వారమే బడి మీది పలకలో తొమ్మిది గుంటలు! సంబరపడి స్కేలు పట్టుకుని కూర్చున్నాక తెలిసింది, అవి కాకి ముక్కు పోట్లని.

మార్చిలో గాలి కొలిచే గిన్నెల చక్రం తయారైంది. దాన్ని సరిచూడటానికి గాలి లేని తెల్లవారుజామున తమ్ముడు బండి నడిపితే, నేను వెనక చక్రం కట్టిన గెడ పట్టుకుని కూర్చున్నాను. 20, 30, 40 కిలోమీటర్ల వేగాల్లో, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసి సగటు తీశాం. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

దూరం నుంచే మేఘాలను చూసే వాతావరణ రాడార్ ఉండగా ఇవన్నీ ఎందుకని ఒకాయన అడిగారు. హైదరాబాద్ రాడార్ మాకు 150 కిలోమీటర్ల పైనే. భూమి గుండ్రం కావడంతో దాని అతి కింది కిరణం కూడా మా నెత్తిన దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తులో పోతుంది. మేఘం కనిపిస్తుంది, దాని కింద రేకు లేపే గాలి కనిపించదు.

ఏప్రిల్ రెండో వారం, సాయంత్రం అయిదుంపావు. ముందు చల్లగాలి, ఆ వెంటే దుమ్ము. చక్రం గంటకు 58 కిలోమీటర్లు చూపించాక ఒక గిన్నె ఊడి పోయింది, కాబట్టి అసలు గరిష్ఠం ఎంతో లెక్కలో లేదు. తెరిపి ఇచ్చాక పలకలన్నీ తిరిగి చూశాను. చెరువు కట్ట మీది పలకలో 41 గుంటలు, అన్నింటికన్నా పెద్దది 16 మిల్లీమీటర్ల రాయిది. దాని పక్క పలకలో ఏడు. మిగతా నాలుగూ నున్నగా ఉన్నాయి. వడగళ్ళు సన్నని పట్టీలా పోయాయి. గాలి మాత్రం ఏ వాడనూ వదల్లేదు, పది ఇళ్ళ రేకులు లేచాయి.

ఆ రాత్రే పని దిశ మారింది. రాయి పడితే తోటలో ఒక పక్క దెబ్బ, గాలి లేస్తే ఊరంతా. పైగా గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు.

రెండు ఆదివారాల్లో 74 రేకుల ఇళ్ళు చూశాను. ఏ ఇంటికైనా నావి నాలుగే ప్రశ్నలు: చూరు బయటికి ఎంత ఉంది, బోల్టులు తుప్పు పట్టాయా, గాలి వచ్చే పడమటి వైపు తెరిచి ఉందా, మీద పడగల చెట్టు ఉందా. లేచిన పదింటిలో ఎనిమిదింటికి పడమట తెరిచిన వసారా ఉంది. గాలి లోపల దూరి కింది నుంచి నెడుతుంది, పై నుంచి పీల్చుకుంటుంది, చూరు మూల మొదట విడిపోతుంది.

చాలా ఇళ్ళకు బోల్టులకు బదులు రేకుల మీద పెట్టిన రాళ్ళే. రేకు లేచినప్పుడు ఆ రాయి కింద పడుకున్నవాళ్ళ మీదికి వస్తుందని వెనక వీధి పెద్దమ్మకు చెప్పాను. "ఇరవై ఏళ్ళ నుంచి ఆ రాళ్ళే మమ్మల్ని కాపాడుతున్నాయి, బిడ్డా" అంది. మొన్న శనివారం ఆమె వసారాకు పన్నెండు జె-బోల్టులు (కొక్కెంలా వంగినవి) వేశాం, కొత్త వాషర్లతో సహా. రాళ్ళు మాత్రం దించనివ్వలేదు.